గ్రూపులో అక్కలు చెప్పేది ఎంతవరకు పట్టించుకోవాలి?

ఏలూరు దగ్గరి ఊరి నుంచి ఒక టీచర్ రాసిన ఉత్తరం ఇది. పెద్దది కావడంతో కుదించి ఇస్తున్నాం.

ఆమె వయసు 42. కుడి రొమ్ములో క్యాన్సర్ అని తేలాక ముందు కీమో పూర్తి చేశారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రొమ్ము తొలగించారు. అదే ఆపరేషన్‌లో పొత్తికడుపు నుంచి చర్మం, కొవ్వు తీసి కొత్త రొమ్ము అమర్చారు. దీన్ని డాక్టర్లు డీప్ ఫ్లాప్ అంటారు; అలా తెచ్చి అమర్చిన భాగమే ఫ్లాప్. మూడు వారాలు కావస్తోంది. పొట్ట దగ్గర ఒక డ్రెయిన్ (లోపల ఊరే ద్రవాన్ని చివరి బల్బులోకి లాగే గొట్టం) ఇంకా ఉంది. రోజుకు 45, 50 మి.లీ. వస్తోంది. ఇప్పటికీ కాస్త వంగే నడుస్తున్నారు.

ఆస్పత్రిలో పక్క బెడ్డు ఆవిడ ఆమెను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్పించారు. అందరూ రొమ్ము క్యాన్సర్ దాటినవాళ్లే. మొదట్లో కొండంత ధైర్యం వచ్చింది. ఇప్పుడు ఫోన్ మోగితే భయమేస్తోందంటున్నారు. ఒకావిడ "నేను రెండు వారాలకే వంటింట్లోకి వచ్చేశాను" అన్నారు. ఇంకొకరు నీళ్లు తగ్గిస్తే డ్రెయిన్ ఆగిపోతుందన్నారు. మరొకరు పప్పు మానెయ్యమన్నారు, కొత్త రొమ్ము గట్టిగా ఉంటే ఉప్పు కాపడం పెట్టమన్నారు. ఒకామె తన ఫ్లాప్ నల్లబడి తీసేయాల్సి వచ్చిందని ఫోటోతో సహా పెట్టారు. ఆ రాత్రి నుంచి ఈవిడ గంటకోసారి లేచి టార్చి వేసి చూసుకుంటున్నారు. "పిల్లలు ఇంత పెద్దవాళ్లయ్యాక ఈ హంగులన్నీ ఎందుకమ్మా" అని వచ్చిన మాట మరీ గుచ్చుకుంది.

మూడేళ్ల కిందట ఇంప్లాంట్ (కృత్రిమ రొమ్ము) పెట్టించుకున్న ఒక అక్క మాత్రం రోజూ పలకరిస్తున్నారు, ఇంటికి వచ్చి చూస్తానంటున్నారు. అత్తగారికి అది ఇష్టం లేదు. చుట్టాలకు హెర్నియా ఆపరేషన్ అని చెప్పారు మరి. ఈమె సొంత చెల్లెలికి కూడా అదే చెప్పారు. భర్త బాగానే చూసుకుంటున్నారు కానీ "గండం గడిచింది కదా, ఇంకా ఏడుపెందుకు" అంటున్నారు. ఈలోగా వచ్చే నెల ఇదే ఆపరేషన్ చేయించుకోబోతున్న ఒకావిడ ఈమెనే సలహా అడుగుతున్నారు. "గ్రూపులో ఉండనా, బయటికొచ్చేయనా? అక్కను రమ్మననా, వద్దా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

*

మీ ప్రశ్నలకు ముందు ఆ కాపడం సంగతి. ఎవరు చెప్పినా, ఎంత ప్రేమగా చెప్పినా ఫ్లాప్ మీద కాపడం పెట్టకండి. వేడినీళ్ల సంచీ వద్దు, ఉప్పు మూట వద్దు, ఐసు కూడా వద్దు. పొట్ట నుంచి తెచ్చిన ఆ చర్మానికి రక్తనాళాలను కలిపి కుట్టారు కానీ స్పర్శ తెలిపే నరాలు తెగిపోయాయి. కాలుతోందని మీకు తెలియదు, తెలిసేసరికి బొబ్బ లేచిపోయి ఉంటుంది. ఆపరేషన్ అయిన నెలల తర్వాత కూడా వేడినీళ్ల సంచీతో కాల్చుకున్నవాళ్లున్నారు. బొడ్డు కింద, కుట్టుకు పైన ఉన్న చర్మం కూడా ఇప్పుడు మొద్దుబారే ఉంటుంది, దానికీ ఇదే జాగ్రత్త. స్నానం నీళ్ల వేడి ఎడమ చేత్తో చూసుకుని పోసుకోండి.

నీళ్లు తగ్గించడం కూడా మానండి. డ్రెయిన్‌లో వచ్చేది తాగిన నీళ్లు కాదు. లోపల చర్మాన్ని పొర నుంచి విడదీసిన చోట ఊరే ద్రవం. పొట్ట మీద అలా విడదీసిన జాగా ఎక్కువ కాబట్టి అక్కడి డ్రెయిన్ చివరిదాకా ఉంటుంది. ఇరవై నాలుగు గంటల్లో 30 మి.లీ. కన్నా తక్కువ, అదీ వరుసగా రెండు రోజులు వస్తే తీయడం చాలామంది సర్జన్ల లెక్క. కొందరు 20 దాకా ఆగుతారు. రోజూ ఒకే వేళకు కొలిచి, తేదీ వేసి రాసుకోండి. ఖాళీ చేశాక బల్బు నొక్కి పట్టుకుని, గాలి పోయాకే మూత పెట్టాలి. ఉబ్బిన బల్బుకు మూత పెడితే అది లాగదు. మూడు వారాలకు 45 మి.లీ. రావడం విడ్డూరం కాదు. అలాగని ఇంట్లోనే కూర్చుని ఎదురుచూడకూడదు. గొట్టం ఎక్కువ రోజులు ఉన్నకొద్దీ ఇన్ఫెక్షన్ అవకాశం పెరుగుతుంది. అందుకే కొందరు సర్జన్లు ఈ దశలో తీసేసి, ద్రవం మళ్లీ చేరితే సూదితో లాగుతారు. మీ కొలతల కాగితం ఫోటో తీసి వాళ్లకు పంపి, ఏం చేద్దామని అడగండి. వస్తున్నది ఒక్కసారిగా ఆగిపోయి పక్కన వాపు వచ్చినా, గొట్టం చుట్టూ కారుతున్నా, పసుపు రంగుకు తిరిగింది మళ్లీ ఎర్రగా మారినా అదే రోజు ఫోన్ చేయాలి.

పప్పు తింటే చీము పడుతుందన్నది మన ఇళ్లలో తరాలుగా ఉన్న భయం. చీము పట్టేది సూక్ష్మక్రిములతో, కందిపప్పుతో కాదు. మీకు రెండు పెద్ద గాయాలున్నాయి, దానికి ముందు కీమో అయింది. ఇప్పుడు మాంసకృత్తులు తగ్గితే కుట్లు మానడం ఆలస్యమవుతుంది, అంచులు విడిపోవచ్చు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డుకు 6 గ్రాములు, గ్లాసు పాలకు 6 లేదా 7, కప్పు ముద్దపప్పుకు 8 దాకా వస్తాయి. పథ్యం పేరుతో చారన్నం తింటే ఆ లెక్క సగం కూడా చేరదు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ని అడిగి నిర్ణయించుకోండి.

ఇప్పుడు గ్రూపు విషయం. అక్కడ ఉన్నవాళ్లందరికీ జబ్బు ఒకటే, ఆపరేషన్ ఒకటి కాదు. ఈ తేడాను ఎవరూ మీకు విడమరిచి చెప్పినట్టు లేదు. కొందరికి రొమ్ము తీసి కుట్టేసి వదిలేసి ఉంటారు. వాళ్లకు గాయం ఒకటే, ఫ్లాప్ వాళ్లకంటే చాలా త్వరగా తిరగగలరు. కొందరికి ముందు ఎక్స్‌పాండర్ అనే సంచీ పెట్టి, వారానికో రెండు వారాలకో కొంత సెలైన్ ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీసి, నెలల తర్వాత ఇంకో ఆపరేషన్‌తో ఇంప్లాంట్ పెడతారు. వాళ్లకు పొట్ట కోత లేదు. రెండు వారాలకు వంటింట్లోకి వచ్చేశానన్న ఆవిడ వీళ్లలో ఒకరై ఉండవచ్చు. ఆవిడ అబద్ధమాడలేదు. కాకపోతే సెలైన్ ఎక్కించిన ప్రతిసారీ ఒకట్రెండు రోజులు ఛాతీ బిగదీసుకుపోయి ఉంటుంది, రెండో ఆపరేషన్ ఉంటుంది. అవన్నీ ఆ ఒక్క వాక్యంలో కనపడవు. ఇంకొందరికి వీపు కండరం తెచ్చి పెడతారు. వాళ్ల ఇబ్బంది భుజంతో. మీకైతే ఒక తుంటి ఎముక నుంచి ఇంకో తుంటి ఎముక దాకా పొట్ట కోత, మైక్రోస్కోప్ కింద కుట్టిన రక్తనాళాలు, గంటల తరబడి మత్తు. మూడు వారాలకు కొద్దిగా వంగి నడవడం, సాయంత్రానికి నడుము నొప్పి రావడం వెనకబడిపోవడం కాదు. ఆరు వారాల దాకా రెండు లీటర్ల నీళ్ల సీసా కన్నా బరువైనదేదీ ఎత్తకండి. నిండు కుక్కరు, నీళ్ల బిందె, ఎత్తుకోమనే మేనకోడలు, అన్నీ అందులోకే వస్తాయి. ఎత్తితే పొట్ట కుట్లు తెగవచ్చు, లోపలి పొర బలహీనపడి ఉబ్బు రావచ్చు.

నల్లబడిన ఫ్లాప్ ఫోటో చూసి భయపడకుండా ఎవరుంటారు? అయితే ఆ ప్రమాదం ఎప్పుడు ఎక్కువో తెలుసుకుంటే మీ టార్చి పక్కన పెట్టగలుగుతారు. కలిపిన నాళంలో రక్తం గడ్డకట్టడం ఎక్కువగా జరిగేది మొదటి రెండు మూడు రోజుల్లో. ఆస్పత్రిలో నర్సులు గంటగంటకూ వచ్చి రంగు, వేడి చూసి, చిన్న మెషిన్‌తో చప్పుడు విన్నది అందుకే. మూడు వారాల తర్వాత మొత్తం ఫ్లాప్ పోవడం చాలా అరుదు. ఇక ముందు ఎదురయ్యేవి వేరు: కుట్ల అంచు కొంచెం విడిపోవడం, ద్రవం చేరడం, కొన్ని వారాలకో నెలలకో లోపల గట్టి ఉండ తగలడం. ఆ ఉండ చాలాసార్లు రక్తం సరిగా అందని కొవ్వు గట్టిపడడం వల్ల వస్తుంది, క్యాన్సర్ తిరగబెట్టి కాదు. అది ఏదో తేల్చాల్సింది మాత్రం డాక్టరే, గ్రూపు కాదు. రోజుకు ఒక్కసారి, పగటి వెలుతురులో, అద్దం ముందు చూసుకోండి, చాలు. చర్మం నీలంగానో మరీ పాలిపోయో మారి చల్లబడినా, ఎరుపు పాకుతున్నా, జ్వరం 100.4 దాటినా, గాయం నుంచి వాసన వచ్చినా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి ఫోన్ చేయండి. పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఫోన్ చేస్తూ కూర్చోవద్దు, దగ్గర్లోని పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. కాలి రక్తనాళంలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు.

గ్రూపులో ఉండడం, మానడం మీ చేతిలో పని. పూర్తిగా బయటికొస్తే భయపెట్టే కబుర్లు ఆగుతాయి. కానీ తెల్లవారుజామున నిద్ర పట్టనప్పుడు "నాకూ ఇలాగే ఉండేది" అనే మనిషి కూడా దూరమవుతుంది. ఉత్తరంలో మీరే రాశారు, డ్రెయిన్ బల్బును నైటీకి పిన్నుతో ఎలా తగిలించుకోవాలో, ఎడమ పక్కకు ఒరిగి చేత్తో నెట్టుకుని మంచం దిగడం ఎలాగో అక్కడే నేర్చుకున్నానని. ఇలాంటివి చెప్పడానికి సర్జన్‌కు తీరిక ఉండదు. ఉన్నా, నాడా బిగించే లంగా ఆ బొడ్డు కుట్టు మీద ఎంత నొప్పి పెడుతుందో కట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. మధ్యే మార్గం ఒకటుంది: నోటిఫికేషన్లు ఆపేయండి, ఫోటోలు వాటంతటవే దిగే సెట్టింగ్ తీసేయండి, రోజులో ఒక వేళ పెట్టుకుని, అదీ రాత్రి పడుకునే ముందు కాకుండా, చదవండి. దీనికీ ఒక నష్టం ఉంది. ఎవరికైనా జబ్బు తిరగబెట్టిందనో, ఎవరో పోయారనో వార్త ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అలాంటి రోజున ఏం చేయాలో ఇప్పుడే అనుకోండి. నాలుగు రోజులు గ్రూపు తెరవకపోవడం తప్పు కాదు. అడ్మిన్‌తో మాట్లాడే చనువుంటే, గాయాల ఫోటోలు అడిగినవాళ్లకు విడిగా పంపాలని, ఎవరైనా అనుభవం చెప్పేటప్పుడు తమది ఏ ఆపరేషనో, ఎన్నాళ్లయిందో మొదటి వాక్యంలో రాయాలని అడిగి చూడండి. ఈ రెండు నియమాలతో సగం గందరగోళం పోతుంది. మీ ఫోటో మాత్రం గ్రూపులో పెట్టకండి. ఒకసారి చూసి మాయమయ్యే పద్ధతిలో పంపినా ఇంకో ఫోన్‌తో తీసుకునేవాళ్లను ఆపలేం.

హంగులన్న మాటకు మీరు జవాబు ఇచ్చుకోనక్కర్లేదు. రొమ్ము మళ్లీ అమర్చుకోవడం వల్ల క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరగదు, తిరగబెడితే కనిపెట్టడానికీ అడ్డు కాదు. ఛాతీ అలాగే వదిలేసుకోవడం కూడా అంతే గౌరవమైన నిర్ణయం. ఆ మాటన్నావిడకు బహుశా ఈ అవకాశం ఉందని ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

ఇంటికి వస్తానంటున్న అక్క విషయంలో నాకైతే ఆశ కలిగింది. ఇలా ఆపరేషన్ అయినవాళ్లు వెళ్లి కొత్తవాళ్లను చూడడం పాత పద్ధతే. టెరీస్ లాసర్ అనే అమెరికన్ మహిళ రొమ్ము ఆపరేషన్ చేయించుకుని, 1952లో రీచ్ టు రికవరీ పేరుతో దీన్ని మొదలుపెట్టారు. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ దాన్ని తన కార్యక్రమంగా తీసుకుంది. తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. వెళ్లే మనిషి వైద్య సలహా ఇవ్వకూడదన్నది ఇలాంటి కార్యక్రమాలకు ప్రాణం. మీ అక్కను కూడా ఆ గీతకు ఇవతలే ఉంచుకోండి. ఆవిడది ఇంప్లాంట్. పొట్ట కుట్టు గురించి, ఫ్లాప్ గట్టిదనం గురించి ఆవిడ చెప్పగలిగేది తక్కువ. అద్దంలో మొదటిసారి చూసుకోవడం, స్కూలుకు తిరిగి వెళ్లడం, భర్త చేయి వేసినప్పుడు ఏమీ తెలియకపోవడం, చెకప్ రిపోర్టు వచ్చేదాకా పడే యాతన, వీటి గురించి ఆవిడ కన్నా బాగా ఎవరు చెబుతారు? డీప్ ఫ్లాప్ అయిన మనిషి కూడా ఒకరు కావాలనుకుంటే ప్లాస్టిక్ సర్జరీ ఓపీలో నర్సును గానీ కోఆర్డినేటర్‌ను గానీ అడగండి. ఇదే ఆపరేషన్ అయి ఏడాది దాటిన, మీ వయసుకు దగ్గరగా ఉన్న ఒకరిని, ఆవిడ సరేనంటేనే కలపమనండి. రేడియేషన్ అయిందా లేదా అన్నది కూడా అడగండి. రేడియేషన్ తగిలిన చోట చర్మం, ఫ్లాప్ తీరు వేరుగా ఉంటుంది. మీకూ రేడియేషన్ ఇస్తారంటే ఆ తేడా ముందే తెలియడం మంచిది.

అత్తగారి సంగతికి మూడు దారులున్నాయి. మొదటిది, అక్కను ఓపీ రోజున ఆస్పత్రిలోనే కలవడం. ఇంట్లో మాట రాదు, అయితే ఆ రోజు అలసిపోయి ఉంటారు, గంటసేపు మనసు విప్పడం కుదరకపోవచ్చు. రెండోది, రోజూ పదిహేను నిమిషాలు డాబా మీదో వరండాలోనో మెల్లగా నడుస్తూ ఫోన్లో మాట్లాడడం. నడక ఎలాగూ కావాలి. మూడోది, ఆవిడ రాకకు అత్తగారినే ఒప్పించడం. అత్తగారి భయం అక్క మీద కాదు, ఊళ్లో తెలిసిపోతుందని. "అత్తయ్యా, ఆవిడ స్నేహితురాలిగా వస్తుంది. మీరూ కూర్చోండి, మీ మనసులో ఉన్నవి కూడా అడగండి" అని చెప్పి చూడండి. కోలుకుని చీర కట్టుకుని నడిచి వచ్చిన మనిషిని కళ్లారా చూస్తే ఆవిడ బెంగ కూడా కొంత తగ్గవచ్చు. ఒప్పుకోకపోతే పట్టుబట్టకండి. ఈ ఆరు వారాలు మీకు వండి పెట్టేది ఆవిడే. నర్సు అనో ఫిజియోథెరపిస్టు అనో చెప్పి తెప్పించడం మాత్రం వద్దు. బయటపడిన రోజున అక్కకు ఆ ఇంటి తలుపు పూర్తిగా మూసుకుపోతుంది.

చుట్టాలకు చెప్పకపోవడం మీ ఇష్టం. హెర్నియా అన్న మాట వాళ్ల వరకు అలాగే ఉండనివ్వండి. చెల్లెలి విషయం వేరు. మీకు 50 లోపే వచ్చింది కాబట్టి జన్యు పరీక్ష అవసరమా అని మీ డాక్టర్ని అడగండి. కుటుంబంలో నడిచే మార్పు ఏదైనా ఉంటే మీ చెల్లెలికి, అమ్మ తరఫు వాళ్లకు, నాన్న తరఫు వాళ్లకు కూడా అది పనికొచ్చే సమాచారం. పరీక్షలో ఏమీ తేలకపోయినా, సొంత అక్కకు 42 ఏళ్లకే వచ్చిందన్న ఒక్క సంగతితో చెల్లెలి చెకప్‌లు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మారిపోవచ్చు. చెబితే ఆవిడ ఏడుస్తుంది, ఇన్నాళ్లు దాచినందుకు కోప్పడుతుంది కూడా. చెప్పకపోతే తెలుసుకునే అవకాశమే ఆవిడకు ఉండదు. వెంటనే కాకపోయినా, డ్రెయిన్ తీశాక ఒకరోజు చూసుకుని చెప్పండి.

మీ వారికి మీ ఏడుపు కృతఘ్నతలా కనిపిస్తోందేమో. కీమో నెలల్లో మీకు ఏడవడానికి వీలు చిక్కలేదు, రేపటి సూది గురించే ఆలోచన. ఇప్పుడు వీలు దొరికింది. ఆయనతో "నన్ను ఊరడించకండి, పది నిమిషాలు పక్కన కూర్చోండి" అని సూటిగా అడగండి. డ్రెయిన్ కొలిచి రాసే పని ఆయనకు అప్పగించండి, చేయడానికి ఒకటుంటే చాలామంది మగవాళ్లు దగ్గరవుతారు. దిగులు రెండు వారాలకు పైగా రోజంతా వదలకపోతే, నిద్ర, తిండి పోతే, బతకాలనిపించకపోతే అది గ్రూపు తీర్చేది కాదు. మీ ఆస్పత్రిలో సైకో ఆంకాలజీ (క్యాన్సర్ వచ్చినవాళ్ల మనసు బాధ చూసే) విభాగం ఉందేమో కనుక్కోండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఇక మిమ్మల్ని సలహా అడుగుతున్న ఆవిడ. మీ గాయం ఇంకా పచ్చిగానే ఉంది, ఇప్పుడే ఆవిడ బరువు మోయకండి. రాత్రి పదకొండుకు వచ్చే ప్రతి ప్రశ్నకూ జవాబివ్వడం మొదలుపెడితే మీరు నిద్ర పోగొట్టుకుంటారు, ఆవిడ మీ మూడు వారాలనే తన మూడు వారాలుగా ఊహించుకుంటుంది. అసలు జవాబివ్వకపోతే మీకే మనసొప్పదు. అందుకని వస్తువుల గురించి మాత్రం చెప్పండి: ముందు జిప్పు ఉన్న కాటన్ నైటీలు నాలుగు, కొలత గీతలున్న చిన్న ప్లాస్టిక్ కప్పు, మోకాళ్ల కిందకు ఒకటి, వీపుకు రెండు దిళ్లు, దగ్గు వస్తే పొట్టకు అదుముకోవడానికి ఒక చిన్న దిండు, బాత్‌రూమ్‌లో ప్లాస్టిక్ స్టూలు, చేతికందే ఎత్తులో సర్దిన వంటింటి డబ్బాలు. ఆరు వారాలు ఇంట్లో ఎవరుంటారో ముందే మాట్లాడి పెట్టుకోమనండి. టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్రగానీ రక్తం పల్చబరిచే మందులుగానీ వాడుతుంటే సర్జన్‌కు ఇప్పుడే చెప్పమనండి, ఆపాలో లేదో వాళ్లే చెబుతారు. ఆవిడ ఇంకేమైనా అడిగితే ఆ అక్క నంబరు, అక్కను అడిగాకే, ఇవ్వండి.